బనగానపల్లె రాజ్యం ఎలా అయింది, వెంకటగిరి ఎందుకు కాలేదు

(ఒంగోలులో గ్రంథాలయ పాఠకుల సమావేశంలో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం ధ్వనిముద్రణ నుంచి ఎత్తి రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

సభకు నమస్కారం. ఎండ దిగకముందే ఇంతమంది వచ్చి కూర్చున్నారు, సంతోషం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది బనగానపల్లె సంస్థానం గురించి. ఆ పేరు చెప్పగానే వెనక వరుసలో ఎవరో "మామిడి" అన్నారు, విన్నాను. అనకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఉలవపాడు తోటలకు ఇంత దగ్గరలో కూర్చుని బంగినపల్లి అంటే మనకు మరేం గుర్తొస్తుంది? ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. అయితే ఆ పండు పేరులో ఒక ఊరు ఉందనీ, ఆ ఊరికి ఒక నవాబు ఉండేవాడనీ, 1948 ఫిబ్రవరి దాకా ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలో భాగమే కాదనీ ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగను, భయపడకండి.

ఆ రోజుల్లో చుట్టూ నాలుగు దిక్కులా కర్నూలు జిల్లా. నడుమ దీవిలాగా 255 చదరపు మైళ్ళ నేల. 1901 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నవాళ్ళు 32,264 మంది. అంతకు ముందు పదేళ్ళతో పోలిస్తే జనం తగ్గారు కూడా. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఆ రాజ్యం ఏడాది ఆదాయాన్ని సుమారు 6,000 పౌండ్లుగా అంచనా వేశారు. పౌనుకు పదిహేను రూపాయల లెక్కన 90,000 రూపాయలు. ఇంతటి చిన్న రాజ్యాధిపతికి బ్రిటిష్ ప్రభుత్వం 9 ఫిరంగుల గౌరవ వందనం ఇచ్చింది. అంటే ఆయన అధికారికంగా విచ్చేసినప్పుడు తొమ్మిదిసార్లు ఫిరంగి పేలాలి.

ఇప్పుడు మన వైపు చూడండి. వెంకటగిరి రాజా వారు ఉన్నారు. నెల్లూరు మండలంలో వారి ఎస్టేటు ఎంత దూరం సాగిందో ఇక్కడ దర్శి నుంచీ పొదిలి నుంచీ వచ్చినవారికి నేను చెప్పనక్కరలేదు; ఆ తాలూకాలు రెండూ వెంకటగిరివే కదా. విస్తీర్ణంలో బనగానపల్లెకు ఎన్నో రెట్లు. వారు ఏటా ప్రభుత్వానికి కట్టే పేష్కషే మూడు లక్షల రూపాయలకు పైన. మళ్ళీ చెబుతున్నాను: వెంకటగిరి వారు కట్టిన కప్పం ఒక్కటే బనగానపల్లె నవాబు మొత్తం రాబడికి మూడింతలకు పైగా ఉండేది. కోట ఉంది, ఏనుగులు ఉన్నాయి, వెలుగోటివారి వంశావళి అని చెప్పుకోవడానికి శతాబ్దాల చరిత్ర ఉంది, మహారాజా అన్న బిరుదు ఉంది. కానీ ఫిరంగి ఒక్కసారి కూడా పేలదు. ఎందుకంటే చట్టం దృష్టిలో వెంకటగిరి రాజా వారు రాజు కారు. జమీందారు. ఇంకా మొరటుగా చెప్పాలంటే బ్రిటిష్ ప్రజ.

ఎందుకిలా జరిగింది? ఇదే ఈ రోజు నా ప్రశ్న. దీనికి జవాబు దొరికితే బనగానపల్లె చరిత్ర మొత్తం దానంతట అదే విప్పుకుంటుంది.

ముందుగా ఒక మాట మీద పేచీ తీర్చుకోవాలి. మన తెలుగులో "సంస్థానం" అనే మాటను మనం చాలా ఉదారంగా వాడతాం. వెంకటగిరి సంస్థానం అంటాం, పిఠాపురం సంస్థానం అంటాం, గద్వాల సంస్థానం అంటాం, బనగానపల్లె సంస్థానం అంటాం. కవులను ఆదరించిన ప్రతి గడపా మనకు సంస్థానమే. కానీ వెంకటగిరి, పిఠాపురం బ్రిటిష్ ఇండియాలోని జమీందారీలు. గద్వాల నిజాం రాజ్యంలో నిజాముకు లోబడిన సంస్థానం. వీటన్నిటిలో బనగానపల్లె ఒక్కటే బ్రిటిష్ ప్రభుత్వంతో నేరుగా సంబంధం పెట్టుకున్న స్వదేశీ రాజ్యం. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ హద్దుల్లో అలాంటిది ఇదొక్కటే. మద్రాసు ప్రభుత్వం చూసుకున్న స్వదేశీ రాజ్యాలు అయిదే: తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, బనగానపల్లె, బళ్ళారి పక్కన ఉన్న సండూరు. వాటిలో సండూరు 161 చదరపు మైళ్ళది, దానికి ఫిరంగి మర్యాద కూడా లేదు.

సరే, బనగానపల్లె మొదలు ఎక్కడ? బీజాపూరు సుల్తానులు ఆ సీమను గెలుచుకున్న నాటి నుంచి అది జాగీరు, అంటే ప్రభువు ఒక కుటుంబానికి అనుభవించమని ఇచ్చిన నేల. బీజాపూరు 1686లో ఔరంగజేబుకు చిక్కింది. కొత్త ప్రభువు వచ్చినప్పుడు పాత జాగీర్లు ఊడిపోవడం మామూలు. కానీ అప్పటి జాగీరుదారు ఫైజ్ అలీ ఖానుకు మొగలు కొలువులో మేనమామ అండ ఉంది, అందుకని అది నిలిచింది. చూడండి, ఈ రాజ్యం కథలో మేనమామలు, పినతండ్రులు, పెళ్ళిళ్ళు చేసిన పని కత్తులు చేయలేదు. తర్వాత మొగలులు పోయారు, నిజాము వచ్చాడు. జాగీరు నిజాము కిందికి వెళ్ళింది. ఆ తర్వాత హైదరాలీ బలపడ్డాడు. అప్పటి జాగీరుదారు హుసేన్ అలీ ఖాను ఆయనకు తల వంచాడు. 1783లో హుసేన్ అలీ చనిపోయేసరికి కొడుకు చిన్నవాడు, పినతండ్రి వ్యవహారం చూస్తున్నాడు. ఏడాది తిరగకుండానే టిప్పు సుల్తాను ఆ కుటుంబాన్ని తరిమేశాడు. వాళ్ళు హైదరాబాదు పారిపోయి, నిజాము నీడన తలదాచుకుని, 1789లో తిరిగి వచ్చి బనగానపల్లె దక్కించుకున్నారు. ఆ తర్వాత కొద్ది కాలానికే పక్కనున్న చెంచలిమల జాగీరు పెళ్ళి సంబంధం ద్వారా కలిసి వచ్చింది.

నవాబుల మాట వచ్చింది కాబట్టి, మీలో చాలామంది మనసులో ఉన్న కథ కూడా చెప్పేస్తాను, లేకపోతే ప్రసంగం అయ్యాక నన్ను వదలరు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారింట పశువులు కాశారనీ, రవ్వలకొండలో కాలజ్ఞానం రాశారనీ, నవాబు ఆయనను పరీక్షించడానికి పళ్ళెంలో మాంసం పెట్టి పంపితే తెర తీసేసరికి పూలు అయ్యాయనీ చెప్పుకుంటారు. ఇది భక్తుల నమ్మకం, దస్తావేజు కాదు. నేను దాన్ని చరిత్రగా చెప్పను, కాదని వాదించను. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆ కథలో నవాబు చివరకు స్వామికి నమస్కరించి వెళ్తాడు. ఆ సీమ రైతుల నోట తరతరాలుగా నిలిచిన నవాబు బొమ్మ అది. కర్నూలు నవాబు గురించి గాని, టిప్పు గురించి గాని ఇలాంటి మెత్తని కథ మనవాళ్ళు చెప్పుకోలేదు.

ఇక అసలు మలుపు. 1800వ సంవత్సరం, అక్టోబరు నెల. టిప్పు చనిపోయి ఏడాదిన్నర. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన సీమలను నిజాము ఈస్టిండియా కంపెనీకి రాసి ఇచ్చేశాడు, తన రాజ్యంలో ఉంచే కంపెనీ సైన్యం ఖర్చు కింద. కడప, బళ్ళారి, అనంతపురం, కర్నూలు నవాబు కట్టే పేష్కషు మీద హక్కు, మన కంభం, గిద్దలూరు, మార్కాపురం అన్నీ ఆ ఒక్క కాగితంతో చేతులు మారాయి. మనం దత్తమండలాలు అనేది అందుకే. తర్వాత రాయలసీమ అన్నాం. బనగానపల్లె మీద పెత్తనం కూడా అప్పుడే కంపెనీకి వచ్చింది.

ఆ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఉన్నాడు. ఆయన వచ్చేసరికి అక్కడ 80 మంది పాలెగాళ్ళు ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక కోట, కొంత బలగం. మన్రో వాళ్ళ కోటలు పడగొట్టించాడు, పాలేలు తీసేసుకున్నాడు, చాలామందికి తవర్జీ అని నెలకింత భరణం పెట్టి కూర్చోబెట్టాడు. మరి ఈ ఎనభై మందినీ ఊడ్చేసిన చేయి బనగానపల్లె దగ్గర ఎందుకు ఆగింది?

నా ఉద్దేశంలో సమాధానం ఇది. పాలెగాడంటే కప్పం కట్టవలసినవాడు. కప్పం కట్టేవాడు ఏదో ఒక ఏడు బాకీ పడతాడు. బాకీ పడినవాడి నేల జప్తు చేయడానికి ప్రభుత్వం చేతిలో సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కానీ బనగానపల్లె జాగీరు. కుటుంబ పోషణకు నిజాము ఇచ్చినది. దాని మీద కప్పం లేదు. తర్వాత కూడా ఆ నవాబులు కంపెనీకి గాని, చక్రవర్తికి గాని పేష్కషు కట్టలేదు. సైన్యం కూడా పెట్టుకోలేదు. కప్పం లేనివాడికి బాకీ లేదు, బాకీ లేనివాడికి జప్తు లేదు. సైన్యం లేనివాడిని చూసి భయమూ లేదు. ఆ 80 మంది పాలెగాళ్ళను ముంచింది ఆనాటి వాళ్ళ బలమే. వీళ్ళను కాపాడింది చేతకానితనమనీ అనుకోవచ్చు, తెలివనీ అనుకోవచ్చు.

అదే సమయంలో మన నెల్లూరులో ఏం జరిగిందో చూడండి. మనం నిజాము కింద లేము, ఆర్కాటు నవాబు కింద ఉన్నాం. మాటల్లో మాట, నెల్లూరు కూడా ఒక చిన్న రాజ్యం అయ్యేదే! ఆర్కాటు నవాబు మహమ్మదలీ తమ్ముడు నజీబుల్లా నెల్లూరు ఏలుతూ 1757లో అన్న మీద తిరగబడ్డాడు. కంపెనీ వాళ్ళు కర్నల్ ఫోర్డును పంపితే, ఆయన నెల్లూరు కోట పట్టుకోలేక వెనక్కి పోయాడు. ఆ మరుసటి ఏడే బందరు దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివాళ్ళను ఓడించిన మనిషి, నెల్లూరు మట్టికోట ముందు మాత్రం ఆగిపోయాడు. తర్వాత తమ్ముడు అన్నతో రాజీ పడ్డాడు. పడకపోయి ఉంటే... ఉంటే గింటే అన్నవి చరిత్రలో చెల్లవు కాబట్టి ఇక్కడితో ఆపుతాను. అదిగో, ఆ మూల ఇద్దరు నవ్వుతున్నారు. మన నెల్లూరుకు నవాబు ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుంటున్నట్టున్నారు. చందుర్తి పిఠాపురం దగ్గర కదా అని మరొకరు సైగ చేస్తున్నారు. నిజమే, పొరపాటు నాదే. బందరు ముట్టడి ఆ తర్వాతి కథ.

వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరం, సైదాపురం ఈ నాలుగింటినీ పడమటి పాలేలు అనేవారు. వీళ్ళు ఆర్కాటు నవాబుకు కప్పం కట్టాలి, యుద్ధం వస్తే బలగాన్ని పంపాలి. నవాబు కంపెనీకి అప్పులపాలై, 1792లో ఈ పాలెగాళ్ళ కప్పం వసూలు చేసుకునే హక్కును కంపెనీకి రాసి ఇచ్చాడు. 1801లో రాజ్యమే రాసి ఇచ్చాడు. 1802లో మద్రాసు ప్రభుత్వం వెంకటగిరికి శాశ్వత సనదు, అంటే హక్కు పత్రం, ఇచ్చింది. అందులో ఏముంది? ఇక మీదట మీరు సైన్యం పంపనవసరం లేదు, ఆ ఖర్చు కూడా కలిపి పేష్కషు కట్టండి, నేల మీకూ మీ వంశానికీ శాశ్వతం. పైకి చూస్తే గొప్ప మేలు. కానీ ఆ సనదు పుచ్చుకున్న రోజునే వెంకటగిరివారు పాలకులుగా ఉండడం మానేసి, భూమి మీద హక్కుదారులుగా మిగిలారు. పోలీసు కంపెనీది, న్యాయస్థానం కంపెనీది. కత్తికి బదులు డబ్బు కట్టే ఒప్పందం అది, కత్తితో పాటే రాజ్యాధికారమూ పోయింది.

ఇది మన ఒక్కరి కథ కాదు. తమిళ దేశంలో రామనాథపురం, శివగంగ, పుదుక్కోట మూడూ ఇరుగుపొరుగు సీమలే. మొదటి రెండూ 1803లో జమీందారీలు అయ్యాయి. పుదుక్కోట మాత్రం రాజ్యంగా నిలిచింది, ఎందుకంటే అక్కడి రాజు తొండైమాను యుద్ధాల్లో కంపెనీ పక్షాన నిలబడ్డాడు. 1799లో కంపెనీ మీద తిరగబడి పారిపోయి వచ్చిన పాలెగాడు కట్టబొమ్మనను పట్టి అప్పగించినవాడూ ఆయనే. కాబట్టి రాజ్యంగా మిగలడానికి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, తొండైమానులాగా కంపెనీకి పనికి రావడం. రెండోది, బనగానపల్లెలాగా కంపెనీకి అడ్డు రాకపోవడం.

అడ్డు వస్తే ఏమవుతుంది? దానికి కూడా ఉదాహరణ మన జిల్లాల్లోనే ఉంది. ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఇది మన పాఠ్యపుస్తకాల్లో కనిపించని సంగతి.

1839లో నిజాము తమ్ముడు ముబారిజుద్దౌలా కేంద్రంగా కంపెనీకి వ్యతిరేకంగా వహాబీ కుట్ర ఒకటి నడుస్తోందని ప్రభుత్వానికి వార్త అందింది. ఆ గుట్టు మొదట బయటపడిన చోట్లలో నెల్లూరు ఒకటి. విచారణలో రెండు పేర్లు వచ్చాయి. ఒకటి కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను. రెండోది మన ఉదయగిరి జాగీరుదారు అబ్బాస్ అలీ ఖాను. అవును, ఉదయగిరే, కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలుచుకున్న ఆ దుర్గం కింద, కంపెనీ రోజుల్లో ఒక ముస్లిం జాగీరు ఉండేది, సరిగ్గా బనగానపల్లె లాంటిదే. కర్నూలులో నవాబు అంతఃపురపు ఆవరణలో సహా కుప్పలుగా ఫిరంగులూ మందుగుండూ దొరికాయి. 1839 అక్టోబరులో కర్నూలు పక్కన జొహరాపురం దగ్గర పోరు జరిగి, నవాబు పట్టుబడి తిరుచిరాపల్లికి ఖైదీగా వెళ్ళాడు. మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. ముబారిజుద్దౌలా గోలకొండ కోటలో బందీగా ఉండి 1854లో చనిపోయాడు. ఉదయగిరి జాగీరును ప్రభుత్వం తీసేసుకుని, అబ్బాస్ అలీ ఖానును చెంగల్పట్టుకు పంపింది.

ఆలోచించండి. కర్నూలు నవాబు ఏటా లక్ష రూపాయల పేష్కషు కట్టేవాడు, బనగానపల్లె ఆయన రాజ్యం ముందు ఏపాటి? కర్నూలు పోయింది. ఉదయగిరి పోయింది. బనగానపల్లె ఎలా మిగిలింది? అప్పుడు అది నవాబు చేతిలోనే లేదు! పాలన బాగాలేదని 1832లోనే మద్రాసు ప్రభుత్వం దాన్ని తన అజమాయిషీలోకి తీసుకుంది. కుట్ర జరిగిందన్న సమయంలో నవాబుకు కుట్ర చేయడానికి ఖజానా లేదు, ఆయుధాలు కొనడానికి డబ్బు లేదు. పదహారు సంవత్సరాలు కంపెనీ పెత్తనం కింద ఉండడం వల్లనే ఆ వంశం ఆ గండం తప్పించుకుందని నేను అనుకుంటాను. ఇది నా అనుమితి, ఎక్కడా దస్తావేజులో రాసి లేదు.

ఆ పదహారేళ్ళ చివరి భాగంలోనే మరొకటి జరిగింది. గిద్దలూరు నుంచి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, సంతోషం. బనగానపల్లెకు పక్కనే కోయిలకుంట్ల తాలూకా. అక్కడి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, మన్రో భరణం పెట్టి కూర్చోబెట్టిన పాలెగాళ్ళ కుటుంబంవాడు. ఆయనకు అందిన భరణం నెలకు పదకొండు రూపాయల చిల్లర. తాత వైపు నుంచి రావలసిన భరణం ఇవ్వమని చెప్పేశారు. 1846 జూలైలో ఆయన కోయిలకుంట్ల ఖజానా కొట్టాడు. పోరు మీ గిద్దలూరు దాకా సాగింది. 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలోనే ఉరి తీశారు, తలను కోట గుమ్మాన వేలాడదీశారు. మరుసటి ఏడాది, 1848లో, అదే ప్రభుత్వం పక్కనున్న బనగానపల్లెను నవాబు కుటుంబానికి తిరిగి అప్పగించింది. ఒకే సీమ, ఒకే కంపెనీ, రెండేళ్ళ లోపల. పాలెగాడి మనవడికి ఉరితాడు, జాగీరుదారు వారసుడికి రాజ్యం. ఈ రెంటికీ ముడి ఉందని నేను చెప్పను. పక్కపక్కన పెట్టి చూడమని మాత్రం అంటాను.

1857 తర్వాత రాణి ప్రభుత్వం వచ్చింది. స్వదేశీ రాజులు పడిపోకుండా ఉంటేనే తనకు మేలని గ్రహించింది. 1862లో బనగానపల్లెకు కూడా సనదు వచ్చింది: సొంత కొడుకు లేకపోయినా ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం వచ్చే వారసత్వాన్ని ప్రభుత్వం ఒప్పుకుంటుందని. ఈ ఒక్క హామీతో జాగీరు నిజంగా రాజ్యం అయింది. ఫతే అలీ ఖాను కాలంలో, 1876లో, నవాబు అన్న బిరుదు వంశపారంపర్యంగా స్థిరపడింది. పేరు గొప్పగానే ఉంది, లోపల మాత్రం అప్పులు. అసలే 90,000 రూపాయల రాబడి ఉన్న రాజ్యంలో మర్యాద నిలుపుకోవడానికి ఎంత మిగులుతుంది? 1905లో మద్రాసు ప్రభుత్వం మళ్ళీ కొన్ని నెలలపాటు పాలనను చేతిలోకి తీసుకుంది. ఆ ఏడే ఫతే అలీ ఖాను పోయి, గులాం అలీ ఖాను వచ్చాడు. 1922లో ఫజ్ల్ అలీ ఖాను వచ్చాడు. ఆయనే చివరి నవాబు. ఆ మధ్యకాలం గురించి చెప్పుకోదగ్గది పెద్దగా లేదు.

మరి ఈ రాజ్యం, జమీందారీ అన్న తేడా సాగు చేసుకునే రైతుకు ఏమి చేసింది? ఫిరంగులు పేలితే మనకేం, పేలకపోతే మనకేం అంటారా? అక్కడే ఉంది తేడా.

దర్శిలో వెంకటగిరి రైతు ఉన్నాడనుకోండి. శిస్తు ఎక్కువ వేశారని, పశువుల మేతకు అడవిలోకి వెళ్ళనివ్వడం లేదని ఆయనకు కష్టం వచ్చింది. 1908లో మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం వచ్చింది. సాగులో ఉన్న రైతుకు ఆ నేల మీద అనుభవ హక్కు ఉందని అది ఒప్పుకుంది. ఆ రైతు రాజా వారి మీద దావా వేయవచ్చు, గెలిచినా ఓడినా కోర్టు మెట్లు ఎక్కవచ్చు. 1930ల్లో వెంకటగిరి రైతులు అడవి హక్కుల కోసం సభలు పెట్టారు, నెల్లూరు నుంచి జమీన్ రైతు పత్రిక వాళ్ళ గోడు అచ్చు వేసింది. ఇదే రాజా వారు నెల్లూరులో కాలేజీ పెట్టి వేలమందికి చదువు చెప్పించారన్నది కూడా నిజమే. రెండూ చెప్పాలి. నేను ఆ కాలేజీ పేరు విని పెరిగినవాణ్ణే.

ఇక, ఈ జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ ప్రకాశం పంతులు గారు 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రి అయ్యి, జమీందారీల విచారణ సంఘానికి అధ్యక్షులై, 1938లో నివేదిక ఇచ్చారు. జమీందారు శిస్తు వసూలు చేసి పెట్టేవాడే తప్ప భూమికి యజమాని కాడు, భూమి రైతుది అని అందులో తేల్చారు. వినోదరాయునిపాలెంలో పుట్టిన మనిషి, వెంకటగిరి ఎస్టేటుకు పక్కనే పెరిగిన మనిషి, వందేళ్ళ పైబడిన సనదును తిరగేసి చదివి అన్న మాట అది.

ఈ మాటల్లో ఒక్కటి కూడా బనగానపల్లె రైతుకు వర్తించలేదు. 1908 చట్టం ఆ రాజ్యపు పొలిమేర దగ్గరే ఆగిపోయింది. ప్రకాశం గారి సంఘానికి అక్కడ విచారణ చేసే అధికారం లేదు. నవాబు గారి మీద బ్రిటిష్ ఇండియా కోర్టులో దావా వేయాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి, ఆ అనుమతి సామాన్యుడికి దొరికేది కాదు. పొలం గట్టుకు ఇవతల కర్నూలు జిల్లా రైత్వారీ రైతు, అంటే ప్రభుత్వానికే నేరుగా శిస్తు కట్టేవాడు. గట్టుకు అవతల నవాబు గారి ప్రజ. ఇద్దరిదీ ఒకే నల్లరేగడి, ఒకే భాష, పెళ్ళి సంబంధాలు కూడా ఒకళ్ళతో ఒకళ్ళకే. కానీ ఫిర్యాదు చేసుకునే గడపలు వేరు.

1947 వచ్చింది. తెల్లవాళ్ళ పెత్తనం పోయాక ఈ రాజ్యాలు ఎటు వెళ్ళాలి? మొదట రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా సమాచారాలు మూడే ఢిల్లీకి అప్పగిస్తే చాలన్నారు. నాలుగు నెలలకే, ఆ డిసెంబరులో, సర్దార్ పటేలు కటకంలోనూ నాగపూరులోనూ కూర్చుని ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ చిన్న రాజులందరితోనూ విలీనం మీద సంతకాలు పెట్టించారు. ఆ తర్వాత రెండు నెలలకు, 1948 ఫిబ్రవరిలో, బనగానపల్లె మద్రాసు రాష్ట్రంలో విలీనమై కర్నూలు జిల్లాలో కలిసింది. మార్చిలో పుదుక్కోట, మరుసటి ఏడు సండూరు. ఒకనాడు బనగానపల్లెకు ప్రభువైన నిజాము 21 ఫిరంగుల దొర, ఇంకా సంతకం పెట్టకుండా భీష్మించుకునే ఉన్నాడు. ఆయన పాత జాగీరుదారు ఏడు నెలల ముందే చేవ్రాలు చేసి పక్కకు తప్పుకున్నాడు.

అదే 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. దాని కింద వెంకటగిరీ పోయింది. రెండింటి ముగింపు దాదాపు ఒకేసారి వచ్చినా, పోయిన తీరు వేరు. నవాబు గారితో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. రాజభరణం ఇస్తామని రాసి ఇచ్చింది, 1971లో రాజ్యాంగాన్ని 26వసారి సవరించేదాకా స్వదేశీ రాజుల భరణాలు నడిచాయి. వెంకటగిరి వారితో ఎవరూ ఒప్పందం చేసుకోలేదు. వాళ్ళ మీద చట్టం చేశారు, లెక్క కట్టి పరిహారం ఇచ్చారు. ఒప్పందానికి ఇద్దరు కావాలి, చట్టానికి ఒకరు చాలు. 1802లో పుచ్చుకున్న సనదు వెంకటగిరివారిని ఆ రెండో వైపు నిలబెట్టింది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను, కాఫీ వచ్చినట్టుంది. 1970లో మన జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు నుంచి వచ్చాయి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు నుంచి వచ్చాయి. అంటే 1948 నుంచి ఇరవై రెండేళ్ళపాటు బనగానపల్లె, గిద్దలూరు ఒకే కలెక్టరు కింద ఉన్నాయి. ఆ కాలంలో కర్నూలు కలెక్టరు కచేరీకి తిరిగినవాళ్ళు ఈ సభలో ఇద్దరు ముగ్గురు ఉన్నారని ఇందాక బయట చెప్పారు. ఒక పెద్దాయన వాళ్ళ నాన్నగారి నాటి భూమి కాగితాలు సంచీలో తెచ్చానన్నారు. అయ్యా, ముందుకు రండి, ఆ కాగితాలు ఇక్కడ బల్ల మీద పెడదాం.